శాపలంకలో యాకోబుగారి గొంతు

బుద్ధిమంతుడైన మనిషికి అమలాపురం దాటి వెళ్లవలసిన అవసరం జీవితంలో చాలా అరుదుగా వస్తుందని నతానియేలు నమ్మేవాడు. ఎం.ఏ. చదవడానికి వాల్తేరు వెళ్లిరావడంతో తన వంతు ప్రయాణం అయిపోయిందనే అనుకున్నాడు. కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగాన్ని గడువుకు ముందే వదులుకుని, కాలవగట్టు పక్క ఇంట్లో పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ, ఇతరులు రాసిన చరిత్రల్లో తప్పులు పట్టుకుని వాటిని ఎవరికీ చెప్పకుండా తనలో తానే ఆనందిస్తూ కాలం గడుపుతున్నవాడు. అటువంటి మనిషి ఒక శనివారం ఉదయాన హైదరాబాదులో, గేమింగ్ కన్వెన్షన్ అనే ఒక తిరనాళ్ల గుమ్మం ముందు, నెత్తిన రబ్బరు కొమ్ములు పెట్టుకున్న కుర్రాళ్ల వెనక వరసలో నిలబడ్డాడంటే దానికి ఒకటే కారణం. ఆ సాయంత్రం నాలుగు గంటలకు లోపలి వేదిక మీద ఆయన తండ్రిని దెయ్యంగా ప్రకటించబోతున్నారు.

తండ్రి యాకోబు రాజోలు దిగువన, వశిష్ఠ గట్టు మీది ఒక పల్లె చర్చిలో ఉపదేశి. సంఘంలో చాలామందికి అక్షరం రాని రోజుల్లో ఆయన పాటతోనే వాక్యం నేర్పాడు. పాదంలో సగం తాను పాడి ఆగేవాడు. మిగతా సగం సంఘం అందుకోవాలి. అందుకోకపోతే ముందుకు కదిలేవాడు కాదు. చేతిలో తాళాలు పట్టుకుని అలాగే నిలబడి ఒక్కొక్కరి మొహంలోకీ చూసేవాడు. ఆ చూపు భరించడం కంటే పాడేయడం సుఖమని పసిపిల్లలకు కూడా తెలుసు. పడవల మీద బతికే ఆ జనం కోసం ఆయన కట్టిన పాట ఒకటుంది. అల్లకల్లోలమైన నీళ్ల మీద నడిచి వస్తున్న ప్రభువును చూసి శిష్యులు దెయ్యమనుకుని హడలిపోయిన బైబిలు సందర్భం అది. "నీళ్లమీద నడిచి వచ్చేదెవరు?" అని ఆయన అడిగేవాడు. "మనవాడే, మనవాడే, తాడందించండి!" అని సంఘమంతా పలికేది.

ఆ పాటను నతానియేలే తండ్రి చివరి రోజుల్లో క్యాసెట్టు మీద పట్టాడు. చరిత్రకారుడు గనక, ఆధారం కల్తీ లేకుండా ఉండాలని చెల్లెలు నిర్మలతో సహా ఇంటిల్లిపాదినీ గప్‌చిప్‌గా ఉండమని శాసించాడు. అందువల్ల ఆ టేపులో ప్రశ్న ఉంది, ప్రశ్న తరవాత ఖాళీ ఉంది, జవాబు లేదు. నిర్మల కూతురు క్రిస్టీనా హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే కంపెనీలో శబ్దాల పని చేస్తోంది. బుస్సుమనే చప్పుడు తీసి శుభ్రం చేసిస్తానని టేపు పట్టుకెళ్లింది. కిందటి వారం ఫోనుకు ఒక వీడియో పంపించి, "తాతయ్యగారి గొంతు ఇంక ప్రపంచమంతా వింటుందండి మావయ్యగారూ!" అని రాసి, శనివారం నాలుగింటికి కన్వెన్షన్‌లో ఆ ఆటను ప్రకటిస్తారని కూడా తెలిపింది. నతానియేలు కళ్లజోడు తుడుచుకుని చూశాడు. మంచు కమ్మిన ఏరు. పడవలో ఒంటరి మనిషి. పొగమంచులోంచి యాకోబుగారి గొంతు, "నీళ్లమీద నడిచి వచ్చేదెవరు?" అని అడిగింది. ఎవరూ పలకలేదు. అప్పుడు కనుగుడ్లు లేని ముసలివాడొకడు నీళ్లలోంచి లేచి పడవను అడుక్కి లాగేశాడు.

ఆయన రాత్రి బస్సుకు టికెట్టు తీయించుకున్నాడు.

"మీ గేమర్ నేమ్ చెప్పండి అంకుల్, బ్యాడ్జి మీద వేస్తాం," అంది గుమ్మం దగ్గర బల్ల ముందు కూర్చున్న అమ్మాయి.

"నాకున్నది ఒకటే పేరమ్మా. అది బాప్తిస్మంలో పెట్టేరు."

ఆ పేరునే అచ్చువేసి, తాడుకు తగిలించి మెడలో వేసుకోమంది. సంతలో పశువుకు కూడా ఇంతకంటే మర్యాదగా తాడు వేస్తారనుకుంటూ ఆయన లోపలికి నడిచాడు.

లోపల కనిపించిందాన్ని ఆయన చరిత్రలో ఏ యుగానికీ చేర్చలేకపోయాడు. విమానాలు పెట్టుకోదగినంత పెద్ద హాలు. దాని నిండా చీకటి. ఆ చీకటిని పొడిచి చంపుతున్న రంగురంగుల దీపాలు. ప్రతి దుకాణమూ పక్క దుకాణం కంటే గట్టిగా అరవడమే తన ధర్మంగా పెట్టుకుంది. కళ్లకు నల్లటి డబ్బాలు కట్టుకున్న పెద్దమనుషులు గాలిలో చేతులు ఆడిస్తూ, లేని శత్రువులను నరుకుతూ, ఉన్న మనుషుల కాళ్లు తొక్కుతున్నారు. అట్టముక్కల కవచాలు తొడుక్కున్న వీరులు ఫోటోల కోసం పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డారు. ఒక చోట పదిమంది కుర్రాళ్లు వరసగా కూర్చుని తెరలమీద యుద్ధం చేస్తుంటే, వందమంది వాళ్ల వెనక నిలబడి చూస్తున్నారు. వాళ్లు ఆడుతుంటే వీళ్లు చూడడమేమిటో, చూస్తూ కేకలెందుకో ఆయనకు బోధపడలేదు. ప్రపంచ సామ్రాజ్యాలన్నీ ఎందుకు పతనమయ్యాయో పాతికేళ్లపాటు పాఠం చెప్పినవాడు, ఆ కారణాలన్నీ ఒకే కప్పు కింద ఇలా పోగుపడి ఉంటాయని ఎన్నడూ ఊహించలేదు.

క్రిస్టీనా కంపెనీ దుకాణం మీద 'శాపలంక' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. వెనక గోడంత బొమ్మ. అందులోని కొబ్బరిచెట్లు ఏ దేశానివో గాని గోదావరి గాలి తగిలినవి కావు. అన్నీ ఒకే వైపుకు, ఒకే కొలతన ఒంగి ఉన్నాయి. పడవను తోసే గెడ లేదు. తెల్లదొరల బొమ్మల్లో ఉండే తెడ్లు రెండు అటూ ఇటూ వేలాడుతున్నాయి.

"మావయ్యగారూ! నిజంగా వచ్చేసేరా!" అని క్రిస్టీనా పరుగున వచ్చింది. "టిఫిన్ చేసేరా అండి?"

"చేసేను. మీ తాతయ్యగారి గొంతు తీసేయించు. నాలుగింటికి ముందే."

ఆమె మొహంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. "తీసేయడమేంటండి? ఆ గేమ్‌కి ప్రాణమే అది."

"దెయ్యానికి ప్రాణమా? ఆ పాటకి అర్థమేంటో తెలుసా నీకు? వచ్చేది దెయ్యం కాదని! ఆయన జీవితమంతా కాదని పాడేరు. ఆయన పోయేక మీరు ఆయన్నే దెయ్యం చేసేరు."

"నాకేం తెలుస్తుందండి? టేపులో జవాబు లేదు కదా. అడగడం ఒక్కటే ఉంది." క్రిస్టీనా గొంతు తగ్గించింది. "లేకుండా రికార్డు చేసింది మీరే కదండీ మావయ్యగారూ."

తప్పులు పట్టుకోవడంలో ఆయనకున్న అనుభవం, పట్టుబడినప్పుడు ఏం చేయాలో నేర్పలేదు. గోడమీది కొబ్బరిచెట్ల కేసి చూస్తూ నిలబడ్డాడు. ఈలోగా ఆ ఆటకు కర్త అయిన కృష్ణతేజ వచ్చాడు. గడ్డం సన్నగా కత్తిరించుకున్న ముప్ఫయ్యేళ్లవాడు. చొక్కా మీద తన ఆట బొమ్మను తానే వేసుకున్నాడు.

"హాయ్ అంకుల్! మాది కూడా కోనసీమే తెలుసా? అమ్మమ్మగారిది కొత్తపేట. చిన్నప్పుడు ఒక పెళ్లికి వెళ్లాను."

"అందుకేనా బాబూ, ఏరు ఎటు పారుతుందో మరిచిపోయేరు. మీ ఆటలో సముద్రంలోంచి ఊళ్లోకి పారుతోంది."

కృష్ణతేజ పొగడ్త విన్నవాడిలా నవ్వాడు. "ఇది మన నేలకి ట్రిబ్యూట్ అంకుల్. ఆ జానపదం విన్నాక నాకు నిద్రపట్టలేదు. మావాళ్లందరూ ఆడి చూశారు. రాక్షసుడికి ఎవరూ భయపడలేదు. ఆ గ్యాప్ ఉంది చూశారా, ఆయన అడుగుతాడు, ఎవరూ పలకరు... దానికి చచ్చిపోయారు!"

"అది జానపదం కాదు. మా నాన్నగారు కట్టిన కీర్తన. తీసేయండి."

"ఓకే అంకుల్. ముందు నాలుగింటికి స్టేజి మీద చూడండి. చూశాక కూడా నచ్చకపోతే అప్పుడు మాట్లాడుకుందాం," అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఉరి తీసిన తరవాత అప్పీలు వింటామన్నట్టుంది ఆ మాట. లోకానికి చాటేసిన తరవాత ఇక మాట్లాడుకోవడానికి ఏముంటుంది? నతానియేలు అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు. వీడితో కాదు, సభలో లేచి సభతోనే చెప్పాలి. క్రిస్టీనా ఆయన మొహం చూసి బెదిరింది.

"మావయ్యగారూ, గొడవ చేయకండి. నా మొదటి గేమ్ అండి ఇది."

ఆయన టీ వెతుక్కుంటూ వెళ్లాడు.

హాలు చివర, గోడవారన, ఆ రంగుల దీపాలేవీ లేని ఒకే ఒక్క బల్ల దగ్గర ఒకామె టీ పోస్తోంది. ముందు నిలబడ్డ ఒక రాక్షసుడు ముసుగు తీయకుండా తాగడానికి గొట్టం అడుగుతున్నాడు.

"వేడి టీకి గొట్టమేంటి బాబూ, మూతి కాలుద్ది. మొహం తీసి తాగు, నేనెవరికీ చెప్పను," అని వాణ్ని పంపించి, ఆమె నతానియేలు వైపు తిరిగింది.

"పంచదార తక్కువ వేయమ్మా."

"ఆయ్."

ఆ ఒక్క కోనసీమ ముక్కతో నతానియేలుకు ఉదయం నుంచి బిగుసుకుపోయిన మెడ కొంచెం వదులైంది. "ఏ ఊరమ్మా మీది?"

"మలికిపురం దగ్గరండి. సలోమి అంటారు నన్ను. ఇక్కడికొచ్చేసి చాన్నాళ్లయిందండి. తమరెవరబ్బాయండి?"

"యాకోబు ఉపదేశిగారని..."

"అయ్యబాబోయ్! పాటల యాకోబయ్యగారి కొడుకా అండి!" సలోమి గరిటె వదిలేసింది. "మా సంఘానికి ఎన్నిసార్లు వచ్చేరనుకున్నారు! ఆయన పాట అడుగుతుంటే తమరు వెనక బెంచీలో పుస్తకం చదువుకునేవోరని చెప్పుకునేవోరండి."

"చదువుకుంటూనే పలికేవాణ్ని," అన్నాడు నతానియేలు కొంచెం నొచ్చుకుంటూ. ఆ తరవాత, ఆమె అడగకపోయినా, తానెందుకు వచ్చాడో చెప్పాడు. సలోమి అంతా విని ముక్కు మీద వేలేసుకుంది.

"దెయ్యమా? ఆయన్నా? వీళ్ల మొహాలు మండ. గట్టిగా చెప్పండి మాస్టారండీ, నేనిక్కడే ఉంటాను."

నాలుగు గంటల వేళకు ఆయన వేదిక ముందు మూడో వరసలో కూర్చున్నాడు. వేదిక ఆ టీ బల్లకు ఎదురుగానే ఉంది. నోటిలో మొదటి వాక్యం సిద్ధంగా ఉంది: 'సభికులారా, మీరిప్పుడు వినబోయే గొంతు జానపదం కాదు, దానికొక పేరు, ఒక ఊరు, ఒక సంఘం ఉన్నాయి.' ఆ వాక్యాన్ని ఆయన టీ తాగుతూ చెక్కాడు. అందులో తీసేయదగిన మాట ఒక్కటి కూడా లేదని తృప్తిపడ్డాడు.

కృష్ణతేజ వేదిక మీదికి ఎగురుకుంటూ వచ్చి, "భయపడడానికి రెడీనా?" అని అరిచాడు. జనం తామెంత సిద్ధంగా ఉన్నారో చెప్పడానికి ఇంకా గట్టిగా అరిచారు. భయపడడానికి టికెట్టు కొనుక్కుని, అరిచి మరీ అడుక్కునే జాతిని నతానియేలు చరిత్రలో ఎక్కడా చదవలేదు. దీపాలన్నీ ఆరిపోయాయి. ఇల్లంత తెర మీద మంచు కమ్మిన ఏరు ప్రత్యక్షమైంది. కృష్ణతేజ చేతిలోని మీట నొక్కుతుంటే పడవ కదిలింది, తెడ్లతోనే. జనం మెల్లగా మాటలు మానారు.

నతానియేలు లేచి నిలబడ్డాడు.

"అంకుల్, కూర్చోండి, కనబడట్లేదు," అన్నారెవరో వెనక నుంచి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు మంచులోంచి యాకోబుగారు అడిగారు.

"నీళ్లమీద నడిచి వచ్చేదెవరు?"

ఫోనులో విన్న గొంతు కాదది. అంత పెద్ద హాలులో నాలుగు మూలల నుంచీ వచ్చి, ఛాతీని చేత్తో తట్టినట్టు తగిలింది. బతికుండగా మైకే ఎరగని మనిషి. తరవాత ఖాళీ. వేలమంది ఊపిరి బిగబట్టారు. నతానియేలుకు ఆ ఖాళీలో తాళాలు పట్టుకుని నిలబడి చూస్తున్న కళ్లు మాత్రమే కనిపించాయి. సభికులారా అనడానికి తెరిచిన నోట్లోంచి, ఆయన ప్రమేయం లేకుండా, కొంచెం కీచుగా, పాట వచ్చింది:

"మనవాడే, మనవాడే, తాడందించండి!"

సగంలోనే హాలు చివర నుంచి సలోమి అందుకుంది. కరెంటు లేని పల్లె చర్చీల్లో పెరిగిన గొంతు అది. దానికి మైకు అవసరం లేదు. 'తాడందించండి' అనే మాట ఇద్దరి నోటా కలిసి, పైకప్పుకు తగిలి, వెనక్కి వచ్చింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తరవాత ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరస వెంబడి పాకింది. తెర మీద యాకోబుగారికి ఇవేవీ పట్టవు గనక మళ్లీ అడిగారు. ఈసారి మూడో వరసలో కొమ్ముల కుర్రాళ్లు కొందరు, "మనవాడే! మనవాడే!" అన్నారు. మూడోసారి అడిగేసరికి హాలు హాలంతా పలికింది. కృష్ణతేజ గబగబా మీటలు నొక్కాడు. కళ్లులేని ముసలివాడు నీళ్లలోంచి లేచాడు. లేచీ లేవగానే, "తాడందించండి!" అని వేలమంది కేకవేశారు. ఒకడు మెడలోని బ్యాడ్జి తాడు తీసి వేదిక మీదికి విసిరాడు. ఇంక ఆగలేదు, వానజల్లులా తాళ్లు పడ్డాయి. ఇంతసేపూ భయంకరంగా ఉండాల్సిన ఆ దెయ్యం, పాపం, ఏట్లో పడి తడిసిపోయి, ఎవరైనా చెయ్యిచ్చి పైకి లాగుతారేమోనని చూస్తున్న పెద్దమనిషిలా కనిపించింది.

నతానియేలు కూర్చున్నాడు. ఎం.ఏ. పట్టా, చెక్కిన వాక్యం, పాతికేళ్ల అధ్యాపక గాంభీర్యం, అన్నీ కలిసి ఒక్క ఖాళీకి తట్టుకోలేకపోయాయి.

వేదిక వెనక కృష్ణతేజ జుట్టు పీక్కుంటున్నాడు. పెట్టుబడి పెట్టినవాళ్లతో ఫోనులో మాట్లాడి వచ్చి, క్రిస్టీనా ముందు నిలబడ్డాడు.

"తీసేయాలి. వేరే దారి లేదు. వీడియో అప్పుడే అందరి ఫోన్లలోకి వెళ్లిపోయింది. ఇంక ఆ గొంతు వింటే ఎవడూ జడవడు. 'మనవాడే' అంటూ నవ్వుతాడు. ఏదైనా ఆడగొంతు ఏడుపు పెట్టు." తరవాత నతానియేలు వైపు తిరిగాడు. కోపం వచ్చినా వ్యాపారం మరిచిపోని కుర్రవాడు. "అంకుల్, మీ దగ్గర ఎవరూ పలకని పాట ఇంకేదైనా ఉందా?"

"పాట లేదు బాబూ. కాలేజీలో నేను చెప్పిన చరిత్ర పాఠాలున్నాయి. ఎన్నేళ్లు అడిగినా ఒక్కడూ పలకలేదు. నిరభ్యంతరంగా వాడుకోండి."

కృష్ణతేజ వెళ్లిపోయాడు. క్రిస్టీనా ఒక ఖాళీ పెట్టె మీద కూర్చుని చెప్పులకేసి చూసుకుంటోంది.

"గెలిచేరు కదండీ," అంది.

"నీ పేరు ఉంచుతారా?"

"నాదెక్కడికి పోతుందండి. సౌండు కింద ఉంటుంది." తల ఎత్తకుండానే ఫోను తెరిచి ఆయనకిచ్చింది. ఆట అయిపోయాక తెర మీద వచ్చే పేర్ల వరస అది. అన్నిటికంటే పైన, కృష్ణతేజ పేరు కంటే కూడా ముందు, ఒక పేరు ఉంది. గాత్రం: యాకోబు ఉపదేశి, రాజోలు. "మొదటి పేరు తాతయ్యగారిదే ఉండాలని మూడు వారాలు దెబ్బలాడేను. ఒప్పుకున్నారు. ఇప్పుడు అది కూడా తీసేస్తారు."

పేరు, ఊరు, సంఘం అని తాను సభకు చెప్పదలచుకున్నదాంట్లో రెంటిని ఈ పిల్ల ముందే రాసి పెట్టింది. నతానియేలు ఆ పేరును రెండుసార్లు చదివాడు. అక్షరదోషం ఏమైనా దొరుకుతుందేమోనని, అలవాటుగా, ఆశగా కూడా, వెతికాడు. దొరకలేదు. ఫోను తిరిగిచ్చేశాడు.

"నాకు చెప్పలేదేమమ్మా?"

"మీరు అడగలేదండి. తీసేయమన్నారు."

ఇద్దరూ బయటికి నడిచారు. టీ బల్ల దగ్గర సలోమి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, "ఆయన అడిగితే ఊరుకోగలమా అండి!" అని నవ్వింది. బళ్లు పెట్టుకునే చోట, ఎండ ఏటవాలుగా పడుతున్న గోడ పక్కన, కొమ్ముల కుర్రాళ్లు గుంపుగా నిలబడి ఒకరినొకరు తోసుకుంటున్నారు.

"వచ్చేదెవరు?" అని ఒకడు అరిచాడు.

"మనవాడే! మనవాడే! మనవాడే!" అని తక్కినవాళ్లు క్రికెట్ మైదానంలో అరిచినట్టు అరిచారు.

నతానియేలు ఆగిపోయాడు. వెళ్లిపోదామనే అనుకున్నాడు. కాని జీవితంలో ఏ తప్పునూ చూసీచూడనట్టు వదిలిపెట్టని మనిషి. ఇది మరీ ఘోరమైన తప్పు.

"బాబూ, ఆగండి. అది కేక కాదు, పాట. 'మనవాడే' రెండుసార్లే. మొదటిసారి పైకి, రెండోసారి కిందికి దిగాలి."

"అరే, స్టేజి అంకుల్!" అని గుంపంతా ఆయన చుట్టూ మూగింది. "ఇంకోసారి పాడండి సార్, నేర్చుకుంటాం!"

"మావయ్యగారూ, బస్సు," అంది క్రిస్టీనా.

ఆయన ఆ పాటలో ఎప్పుడూ పలికే వైపే కూర్చున్నాడు. అడిగే వైపు ఒక్కనాడూ నిలబడలేదు. ఎక్కడ నిలబడాలో, చేతులేం చేసుకోవాలో తెలియక కాసేపు ఆ రబ్బరు మొహాల కేసి, అట్టల కవచాల కేసి, జాతి భవిష్యత్తు మీద తనకున్న అభిప్రాయం ఏ మాత్రం మారకుండానే చూశాడు.

"ముందు ఆ కొమ్ములు తీసేయండి," అన్నాడు. "పాడేటప్పుడు నెత్తి మీద ఏమీ ఉండకూడదు."

ఒకడివి ఊడిరాలేదు. జిగురుతో అంటించుకున్నాడట, రేపటిదాకా రావట.

"అయితే తల వంచుకుని పాడండి," అని చెప్పి, నతానియేలు గొంతు సవరించుకున్నాడు.

వెనక క్రిస్టీనా ఫోను తీసి రికార్డింగు నొక్కింది. నోరు మూసుకోమని ఎవరికీ చెప్పలేదు.